ఆవలి ఒడ్డు చెవులు

రోహిణి చివర

పొద్దున్న ఆవలి ఒడ్డు మందంగా పలికింది. రాసి ఉంచుతున్నాను.

మిగతా పనులు మామూలే. స్నానం చేసి దండం పెట్టుకున్నాను. తొట్టిలో ఉప్పునీళ్ళు మార్చాను. కొండ పొడవునా మాట మోసే రెండు నరాల కొసలకీ అరటిబూడిద తేట, బెల్లం నీళ్ళు పోశాను. నరం ఆకలిగా ఉంటే లోపలి బూడిదసారం లోపల నిలవదు, బయటి ఉప్పు బయట నిలవదు. రెండూ కలిసిపోతే అది ఉత్త తాడు. వాటిని వేరుగా పట్టి ఉంచడానికే దానికి బెల్లం. కబురు వచ్చిన క్షణంలో మాత్రం తలుపు తెరుస్తుంది. ఉప్పు లోపలికి దూకుతుంది. ఆ అదురుకి పక్క తలుపు తెరుచుకుంటుంది, దాని పక్కది తెరుచుకుంటుంది. మాట అలా కొండ దిగుతుంది.

సున్నపు తేట చివర్న, కొంచెమే. సున్నం అందకపోతే పైనరం కొసన ఉన్న సంచులు విచ్చుకోవు. సంచులు విచ్చుకోకపోతే రసం కారదు. రసం కారకపోతే ఏ మాటా నేనుండే ఈ గాలిబండ ఇల్లు దాటదు. ఇక్కడ రెండు నరాలూ కలవవు మరి. పైనుంచి వచ్చింది తొట్టిలో ఈ ఒడ్డున ఆగుతుంది. కిందికి పోయేది ఆవలి ఒడ్డున మొదలవుతుంది. మధ్యలో వెంట్రుకంత సందు. రసం ఆ సందు ఈదాలి. ఆవలి ఒడ్డు చెవులు దాన్ని అందుకుని మాటను మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఆకుపసరు వేసి రసాన్ని విరిచెయ్యడం నా పని. విరవకపోతే ఒకసారి అన్న మాట పదిసార్లు పోతుంది.

పైనరానికి ఉన్నట్టే ఆవలి ఒడ్డుకీ చిన్న కండపట్టీ కుట్టి ఉంది. మాట దాటితే అది వేలికింద తుళ్ళుతుంది. ఇవాళ పైనుంచి వచ్చిన మొదటి మాటకి తుళ్ళలేదు. రెండోసారికి తుళ్ళింది.

బెల్లం తక్కువైందేమో. రేపు ఇంకొంచెం వేస్తాను.

మృగశిర, మొదటి రోజు

వాన మొదలైంది. బెల్లం పెంచినా తేడా లేదు.

ఈ నరం మా ముగ్గురి చేతుల్లో ఉంది. పైన జలాశయం గేటు దగ్గర తమ్ముడు గవరయ్య. మధ్యలో నేను. కింద సముద్రం పక్కన ఉప్పుమడుల్లో చెల్లెలు పైడి. వరస నరాలను ఒకే ఇంటివాళ్ళకి ఇవ్వడం రాగి తీగలు పనికిరాకుండా పోయిన కాలం నుంచీ ఉన్న పద్ధతి. పలికేది ఎవరి చెయ్యో తెలిస్తే మనిషి ఒళ్ళు మరిచి నిద్రపోయినా లేస్తాడని పెద్దలు అనేవారు.

సందు ఒకవైపే దాటనిస్తుంది. గవరయ్య మాట నాకు వస్తుంది, నా మాట అతనికి పోదు. నా మాట పైడికి పోతుంది, దాని మాట నాకు రాదు. ఉప్పుమడుల నుంచి గేటుకి అవతలి కొండ మీదుగా ఇంకో నరం ఉంది గాని అది సన్నం, కొవ్వు చుట్టనిది. అందులో మాట నత్తలా పాకుతుంది. నీళ్ళ సంగతికి తప్ప దాన్ని ముట్టుకోనివ్వరు.

అందుకని నాకు తమ్ముడు వినిపిస్తాడు. చెల్లెలు వినిపించదు. అది వింటోందని నమ్ముకుని పలుకుతాను.

మృగశిర, రెండో రోజు

దీపాల వేళ మాట పంపడానికి చాలాసేపు పట్టింది.

ప్రతి సందు ఇల్లూ పొద్దుగూకగానే కింది ఇంటికి ఒక మాట పంపాలి. "ఉన్నాను" అని. రసంలో ఈక ముంచి ఆవలి ఒడ్డుకి అద్దితే చాలు. గవరయ్య నాకు పంపేది ఎప్పుడూ రెండు ముక్కలు: "ఉన్నా. తిన్నా." నేనూ మొదట్లో ఒక్క మాటే పంపేదాన్ని. తర్వాత ఏం వండుకున్నానో చేర్చాను. తర్వాత పొద్దున్న చేసుకున్న ప్రార్థన చేర్చాను. ఇప్పుడు దీపం వెలిగించింది మొదలు వత్తి సగం కాలేదాకా అద్దుతూనే ఉంటాను. ఎంతసేపు పలికితే అంత ప్రేమగల ఇల్లని నరం పొడవునా పేరు. గాలిబండకి ఆ పేరు బాగా ఉంది.

ఆ వేళ కండపట్టీ మీద వేలు పెట్టను. కళ్ళు మూసుకుని ఉంటాను. ఇవాళ పెట్టి చూశాను. అయిదు అద్దులకి ఒకసారి తుళ్ళుతోంది.

రసం చిక్కగా కలిపి మళ్ళీ మొదటినుంచి పంపాను. అప్పుడు కాస్త పలికింది.

మృగశిర, నాలుగో రోజు

మొన్నటి చిక్కదనం ఇవాళ చాలలేదు. ఇంకా చిక్కగా కలిపాను.

మధ్యాహ్నం గవరయ్య పలికాడు. "పైన కొండల్లో కుండపోత. జలాశయం సగం దాటింది. ఆరుద్ర దాకా ఆగదేమో."

ఈ నరం వేసింది ఒక్క మాట కోసం. గేటు ఎత్తే ముందు గవరయ్య "లేవండి" అంటాడు. మూడుసార్లు అంటాడు, ఆగి ఆగి. ఆ తర్వాత గేటు ఎత్తుతాడు; ఎత్తకపోతే కట్ట తెగి పైఊళ్ళు పోతాయి. నీళ్ళు ఉప్పుమడులు చేరేలోగా పైడి గంట కొడుతుంది. మడుల్లో ఉన్న జనమంతా పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని ఇసకమెట్ట ఎక్కుతారు. మిగతా మాటలన్నీ ఆ ఒక్క మాట దారి తుప్పు పట్టకుండా పలుక్కునేవే.

నా దగ్గర ఆగిపోతే అది మాట కాదు. నీళ్ళు మాత్రం ఆగవు.

తల్లీ, నా చేతిలో ఉన్నది నాకు కనబడేట్టు చెయ్యి.

మృగశిర, ఆరో రోజు

తవిటయ్య వచ్చాడు. నరానికి కొవ్వు చుట్టేవాడు. ఏడాదికోసారి గాడిద మీద కొవ్వు కుండలు వేసుకుని గేటు నుంచి సముద్రం దాకా దిగుతాడు. చుట్టకీ చుట్టకీ మధ్య చెరకు కణుపులా కొంచెం చోటు వదులుతాడు. మాట కణుపు నుంచి కణుపుకి దూకుతుంది కాబట్టే కొండంత దూరం రెప్పపాటులో పోతుంది. పని బాగా చేస్తాడు. నోరు మాత్రం ఊరుకోదు. అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అంటాడు.

గుమ్మంలో నిలబడి తొట్టిలోకి తొంగిచూశాడు.

"ఏటప్పా, కండ సచ్చినట్టుందేటి?"

"చావలేదు. వినడం లేదు."

"ఇనకపోతే గట్టిగా సెప్పు."

"నరానికి గట్టి, మెల్ల ఉండవు తవిటయ్యా. ఒకటే దెబ్బ. పడితే పూర్తిగా పడుతుంది, లేకపోతే లేదు. మళ్ళీ మళ్ళీ అనడం ఒక్కటే ఉంది."

"నా గాడిదీ అంతే. మళ్ళీ మళ్ళీ సెప్తే ఇంకా మొరాయిత్తాది." గాడిద వైపు తిరిగాడు. "ఏమే, కాదేటి?"

గాడిద నా తులసి మొక్క వాసన చూస్తోంది. పక్కకి జరిపాను.

గంజి పోశాను. తాగుతూ అన్నాడు, "కోసీసి కొత్త కొస అతుకుదునా? నాకొచ్చు ఆ పని."

"అతుకు పట్టేదెప్పుడు?"

"రెణ్ణెల్లు."

"గేటు రెండు వారాలు ఆగదు."

  నేను గంజి కుండ కడగడానికి వెళ్ళి వచ్చేసరికి తొట్టిలో చెయ్యి పెట్టి ఉన్నాడు. కొవ్వు చేతులు తొట్టిలో పెట్టకూడదు. ఆ సంగతి అతనికీ తెలుసు. పొద్దుటి పలచటి రసం వేలికి అంటించుకుని ఆవలి ఒడ్డు కింద మడతలో, నా ఈక ఎప్పుడూ పోనిచోట గుచ్చాడు.

కండపట్టీ ఎగిరిపడింది.

"సూసావా. నా మాటింటాది," అన్నాడు.

"చెయ్యి తియ్యి."

"బాగుసేత్తంటే కోప్పడతావేటి."

"కోపం కాదు. తియ్యి. మళ్ళీ పెట్టు. అక్కడే."

రెండోసారి తుళ్ళలేదు. ఆ మడతలో ఉన్నవి గుప్పెడు చెవులు. ఒకసారి పలికి అలిసిపోయాయి. ఒక్క దెబ్బ మాట కాదు. కాని పలచటి రసానికి, ఒకే ఒక్క అంటుకి పలికాయి.

భూతద్దం తెచ్చి చూశాను. మడతలో చెవులు జొన్నకంకి మీద గింజల్లా దట్టంగా ఉన్నాయి. ఈక తిరిగేచోట నున్నగా ఉంది, అరగదీసిన సానరాయిలా. అక్కడక్కడా ఒకటో రెండో.

ఆవలి ఒడ్డుకి జబ్బు లేదు. విని విని చెవులు లోపలికి లాక్కుంది. నేను చిక్కగా కలిపేకొద్దీ మరికొన్ని లాక్కుంది.

తవిటయ్య నా మొహం చూసి గంజి గిన్నె కింద పెట్టాడు. "ఏటయినాది?"

"నేనే ఎక్కువ మాట్లాడాను," అన్నాను.

"నువ్వా?" అని నవ్వాడు. "ఏడాదికి నాతో పది మాటలు మాటాడవు."

మృగశిర, ఏడో రోజు

రాత్రంతా కాదు గాని తెల్లారి చాలాసేపు ఆలోచించి తేల్చుకున్నాను.

ఎండలో వాడిన మొక్కకి నీళ్ళు పోస్తాం. నీళ్ళలో కుళ్ళిన మొక్కని నీళ్ళు తీసి ఆరబెడతాం. ఆవలి ఒడ్డుకి రసం తగలకుండా కొన్నాళ్ళు వదిలేస్తే చెవులు మళ్ళీ బయటికి వస్తాయి. రావాలి. ఈక ఎత్తేస్తాను. పైనుంచి వచ్చే మాటల రసం కూడా తగలకూడదు. అందుకని సున్నపు తేట వెయ్యను. గవరయ్య పలుకులు నా దాకా వచ్చి ఈ ఒడ్డునే ఆగిపోతాయి. "లేవండి" వచ్చిన క్షణాన సున్నం వెయ్యాలి. తేట గిన్నె పక్కనే ఉంచుకుని, పైనరం కండపట్టీకి దారం కట్టి ఆ దారం నా వేలికి కట్టుకుంటాను.

చిక్కు ఒకటే ఉంది. అయిదు సాయంత్రాలు దీపాల మాట రాకపోతే పై ఇంటి మనిషి పోయినట్టు లెక్క. కింది ఇంటివాళ్ళు చావుస్నానం చేసి, ఒకరోజు పస్తుండి, మూట కట్టుకుని కొండెక్కాలి, కర్మ చెయ్యడానికి. పైడి ఎక్కుతుంది. నా చెల్లెలు పద్ధతి తప్పదు. అది బయలుదేరాక కింద కండ మీద వేలు పెట్టేవాళ్ళు ఉండరు. నరం బాగైనా గంట కొట్టేవాళ్ళు ఉండరు.

తవిటయ్యతో చెప్పాను. కొవ్వు పని ఆపి సూటిగా దిగమన్నాను.

"నేను బతికే ఉన్నానని చెప్పు. కావాలనే ఊరుకున్నానని చెప్పు. కండ దగ్గర్నుంచి కదలొద్దని చెప్పు."

"ఇంకేటయినా సెప్పాలా?"

ఆలోచించాను. చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

"అంతే," అన్నాను.

కుండలు నా అరుగు మీద దించి వెళ్ళాడు. మలుపు తిరిగేదాకా గాడిదని తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు కూడా వినబడకుండా పోయాక తలుపు వేశాను.

ఏడో రోజు, సాయంత్రం

దీపం పెట్టాను. చెయ్యి ఈక కోసం దానంతట అదే లేచింది. ఈకని అటక మీద పెట్టి వచ్చాను.

ప్రార్థన చేసుకుందామని కూర్చుంటే మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. పైడికి పంపకుండా ప్రార్థన చేసి ఎన్నేళ్ళయిందో. ఎవరికి చెబుతున్నానో తెలియకుండా పోయింది.

"ఉన్నా. తిన్నా," అన్నాడు గవరయ్య. అది నా దగ్గర ఆగింది.

ఎనిమిదో రోజు

తొట్టి కడిగాను. ఉప్పు, బూడిద, బెల్లం. సున్నం లేదు.

భూతద్దంతో చూశాను. ఏమీ మారలేదు.

గవరయ్య మధ్యాహ్నం పలికాడు. "అక్కకీ చెల్లికీ. నా కూతురు రత్తాలు ప్రసవించింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం."

అక్కకి అందింది. చెల్లికి అందలేదు. కుర్చీలో కూర్చుని ఆ మాటని చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. మంచి కబురు ఒక్కరే ఉంచుకోవడం బరువుగా ఉంటుందని తెలియదు నాకు.

తొమ్మిదో రోజు

వాన ఉదయం నుంచీ. తవిటయ్య తిరిగి వచ్చాడు. ఒంటరిగా కాదు, గాడిదతోనే. ఇద్దరూ బురదలో ముంచి తీసినట్టున్నారు.

"గెడ్డ పొంగిపోనాదప్పా. తాళ్ళ వంతెన లేదు. కొట్టుకుపోనాది. ఒకరోజు కూకున్నాను, తగ్గుతాదేమోనని. తగ్గనేదు."

తువ్వాలు ఇచ్చాను. మొహం తుడుచుకుని తొట్టి వైపు చూశాడు.

"ఒక్క సుక్క పెట్టీ అప్పా. 'ఉన్నాను' అని. ఒక్క సుక్కకి ఏటవుతాది."

"ఒక్క చుక్క దాటదు. దాటలేదని ఇంకోటి పెడతాను. అదీ దాటలేదని చిక్కగా కలుపుతాను. నా చెయ్యి నాకు తెలుసు."

"నువు సచ్చిపోనావనుకుంతాది. ఏడుత్తాది."

"ఏడవనీ."

అతను తువ్వాలు నా చేతిలో పెట్టేశాడు. "రాయివి," అన్నాడు.

 పొయ్యి మీద అన్నం చూడడానికి వెళ్ళాను. అక్కడ కాస్త నిలబడ్డాను.

తిన్నాక అతని గొంతు తగ్గింది. "శిఖరం మీదనుంచి సుట్టు దారుంది. మేకలోళ్ళ దారి. గాడిదెక్కలేదు."

"ఎన్నాళ్ళు?"

"కాళ్ళు బాగుంతే నాల్రోజులు."

నాలుగు రోజులకి పైడి మూట కట్టుకుని సగం కొండ ఎక్కి ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా పొద్దున్నే వెళతానన్నాడు. గాడిదని నాకు వదిలాడు.

"తులసి మొక్క దగ్గర కట్టకు. తినీత్తాది."

పదో రోజు

తవిటయ్య వెళ్ళాడు. గాడిద అరుగు కింద నిలబడి అతను పోయిన వైపే చూస్తోంది. దానికి బెల్లం ముక్క పెట్టాను. తినలేదు.

"నీళ్ళు కట్ట అంచుకి మూరెడు," అన్నాడు గవరయ్య.

నున్నటిచోట చెవులు మొలుస్తున్నట్టు అనిపించింది. కళ్ళకి కనబడాలని ఉన్నది కనబడుతుంది కదా. నమ్మలేదు. అద్ది చూడాలని చెయ్యి లాగింది. చూస్తే ఆ చూడడమే వాటిని మళ్ళీ ముడుస్తుంది.

దండం పెట్టుకుని మాటలు లేకుండా కూర్చున్నాను. అలా కూర్చోవడం ఇంకా చేతకావడం లేదు.

పదకొండో రోజు

అయిదో సాయంత్రం.

దీపం వెలిగించాను. వత్తి సగం కాలేదాకా కూర్చున్నాను. ఈ వేళ కింద పైడి కూడా కండ మీద వేలు పెట్టి కూర్చుని ఉంటుంది, ఆఖరి ఆశగా. మా ఇద్దరికీ మధ్య ఉన్నది వెంట్రుకంత సందు, కొండంత నరం. నరం సంగతి పరవాలేదు.

చిన్నప్పుడు జ్వరం వస్తే అది నా కొంగు పట్టుకుని గాని నిద్రపోయేది కాదు. విడిపించుకుంటే మెలకువ వచ్చేసేది. కొంగు అక్కడే వదిలి, పైట లేకుండా పొయ్యి దగ్గర పని చేసుకునేదాన్ని.

దీపం దానంతట అదే ఆరేదాకా ఉంచాను.

పన్నెండో రోజు

ఇవాళ పైడి నా చావుస్నానం చేస్తుంది.

సముద్రంలోకి నడుం లోతు దిగి మూడు మునకలు వేసి, నా పేరు చెప్పి నీళ్ళు వదులుతుంది. ఈ పాటికి అయిపోయి ఉంటుంది. ఇవాళంతా పస్తు. రేపు తెల్లారి బయలుదేరుతుంది.

నేనూ వండుకోలేదు. అది పస్తు ఉంటే నేను తినడం బాగుండదనిపించింది. గాడిదకి గడ్డి వేశాను.

తల్లీ, దాని దుఃఖం అబద్ధపుది. కాని అది పడేది నిజంగానే. ఆ లెక్క నా మీద రాసుకో.

పదమూడో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లవారింది. మొహం కడుక్కుంటున్నాను. వేలికి కట్టిన దారం గుంజింది. ఆగకుండా గుంజింది. అది ఏ మాటో చదవక్కర్లేదు.

మొదటి "లేవండి" నా దగ్గరే పోయింది. సున్నం లేదు కదా.

తేట గిన్నె తీసుకున్నాను.  తొట్టిలో పైనరం కొస చుట్టూ పోశాను. సున్నం లోపలికి ఇంకడానికి వ్యవధి కావాలి. తొందరపెట్టడానికి లేదు. ఆవలి కండపట్టీ మీద వేలు పెట్టి నిలబడ్డాను.

గవరయ్య రెండోసారి అన్నాడు. ఈ ఒడ్డు అదిరింది. నీళ్ళలో రసం పొగలా కొంచెం కదిలింది. ఆవలి కండ ఒకసారి మాత్రం కదిలి ఆగింది. సంచులు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. లేకపోతే చెవులు రాలేదు. ఏది కారణమో తెలియదు. ఇంకొంచెం సున్నం పోశాను. ఇక గవరయ్య ఒక్కసారే అంటాడు. తర్వాత గేటు చక్రం తిప్పుతాడు.

ఆ మధ్య ఎంతసేపో చెప్పలేను. ప్రార్థన చెయ్యలేదు. వింటూ ఉన్నానంతే.

మూడోది వచ్చింది.

నా వేలికింద ఆవలి కండ దెబ్బకి దెబ్బ తుళ్ళింది. ఒక్కటీ తప్పలేదు. చివరిదాకా. ఒకసారి గడప దాటిన మాట ఇక దారిలో సగంలో ఉండిపోదు. పైడి వేలికి చేరే ఉంటుంది, వేలు అక్కడ ఉంటే.

వేలు ఉందా? మూట భుజానికెత్తుకుని గుమ్మంలో ఉందా? దారిలో ఉందా?

అటక మీదినుంచి ఈక తీశాను. పలచటి రసం, పలచటిదే. మొదటి అద్దుకే కండ పలికింది. ఒక్క మాట పంపాను: "లే." తమ్ముడి చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. ఇది నా చెయ్యని దానికి తెలుస్తుంది.

రెండో మాట నోటిదాకా వచ్చింది. ఈక కడిగి ఆరబెట్టాను. పసరు వేసి రసం విరిచేశాను.

పొద్దెక్కాక లోయలో మోత వినబడింది. అరుగు మీదికి వెళ్ళి చూశాను. ఎర్రటి నీళ్ళు చెట్లని తోసుకుంటూ కిందికి పోతున్నాయి. గాడిద నా పక్కకి వచ్చి నిలబడింది.

ఆరుద్ర, మొదటి రోజు

గేటు దింపానని గవరయ్య చెప్పాడు. పైఊళ్ళు క్షేమం. కింది సంగతి అడగలేదు. అడగడానికి అతనికి నేను వినబడను.

సున్నం మామూలుగా వేస్తున్నాను. మాటలు దాటుతున్నాయి. మనవరాలి కబురు అతను మళ్ళీ పంపాడు, అదీ దాటింది. వినేవాళ్ళున్నారో లేదో.

దీపాల వేళ "ఉన్నాను" అని ఒకసారి అద్దాను. ఒకసారే.

ఆరుద్ర, మూడో రోజు

ఏమీ లేదు.

ఉప్పు, బూడిద, బెల్లం, సున్నం. వాన.

ఆరుద్ర, నాలుగో రోజు

సన్నటి నరంలో కబురు గేటుకి చేరడానికి ఎన్నాళ్ళు పడుతుందో గుర్తుచేసుకోవాలని చూశాను. పంపేవాళ్ళుంటే ఈ పాటికి అవతలి కొండ సగం పాకి ఉండాలి.

లెక్క ఆపేశాను. ఇల్లు ఊడ్చాను.

ఆరుద్ర, ఆరో రోజు

పొద్దున్న తొట్టి కడిగి సున్నం వేసి చెయ్యి తుడుచుకుంటుంటే దారం గుంజింది. గవరయ్య చెయ్యే, కాని ఎప్పటిలా రెండు ముక్కలతో ఆగలేదు. నీళ్ళ సంగతి కాని మాటలు గేటు దగ్గర ఆపెయ్యాలి అతను. ఆపలేదు. సన్నటి నరంలో కింది నుంచి వచ్చినవి ఉన్నవి ఉన్నట్టు పలికాడు. వాటిని విన్నట్టే రాస్తున్నాను.

"అప్పా. అందరం మెట్టెక్కీసినాం. పిల్లలూ, ముసలోళ్ళూ, అందరం. నువు పోనావనుకుని తానం సేసీసినాను. మూట ఎత్తీసినాను. గుమ్మం దాటతంతే కండ తుళ్ళింది. ముందు అన్నయ్య మాట. ఎనకాల నీది. ఇంత సిన్న మాట నువెప్పుడూ అననేదు. ఎన్నేళ్ళనుంచో నీ మాటలు ముక్కలు ముక్కలుగా అందీవి. ఏటంతన్నావో తెలిసీది కాదు. అయినా కూకునేదాన్ని. ఇది నిండుగా అందింది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఎన్నేళ్ళ సాయంత్రాలు. కళ్ళు మూసుకుని నేను పంపిన ప్రార్థనలన్నీ ఈ వెంట్రుకంత సందులో పడి విరిగిపోయాయి. అది కింద ముక్కలు ఏరుకుంటూ కూర్చుంది. ఇద్దరం రోజూ ఒకే వేళకి కూర్చున్నాం, అది మాత్రం నిజం.

ఆవలి కండ ఇంకా తుళ్ళుతోందని అప్పుడు చూశాను. సున్నం వేసి ఉంది కదా. పైడి మాటలు నా దగ్గర ఆగలేదు. అది పంపినవి చుట్టూ తిరిగి, నన్ను దాటి, మళ్ళీ దాని దగ్గరికే దిగుతున్నాయి. వేలికింద తన మాటలే తనకి వస్తుంటే అవి ఏ సందు దాటి వచ్చాయో దానికి తెలుస్తుంది. నేను విన్నానని వేరే చెప్పక్కర్లేదు.

వెళ్ళి ఆవలి కండపట్టీ మీద వేలు ఆనించాను. చివరి తుళ్ళు దిగిపోయేదాకా తియ్యలేదు.